దారి మార్చే చెయ్యి

మా బావకి కూర్చోవడం చేతకాదు. కుర్చీలో ఉన్నంతసేపూ ఒక మోకాలు ఆడుతూనే ఉంటుంది. అది ఆగిందంటే రెండోది అందుకుందని అర్థం. దుకాణంలో డబ్బు కట్టే వరసలో నిలబడితే పక్క వరస కదులుతున్నట్టు అనిపించి అందులోకి దూరతాడు. అక్కడ ముందున్నావిడ సంచీలో చిల్లర వెతకడం మొదలుపెట్టగానే మళ్ళీ పాత వరస తోకకి వచ్చి చేరతాడు. నేనూ అక్కా కావలసినవి కొనుక్కుని, బయట మెట్ల మీద కూర్చుని ఆయన కోసం ఎదురుచూడటం అలవాటైపోయింది. ఆఫీసు నుంచి ఇంటికి తిన్నగా ఒక రోడ్డుంది. ఆ రోడ్డున మా బావ వచ్చిన పాపాన పోలేదు. సందులో దూరి, ఇంకో సందులో తేలి, చెమటలు కక్కుతూ ఇంటికొచ్చి, ఇవాళ గోదాము వెనక దారి ఖాళీగా ఉందని మహా సంతోషంగా చెబుతాడు. తిన్నగా రోడ్డున వచ్చిన పక్కింటాయన అప్పటికే స్నానం చేసి అరుగు మీద కూర్చుని ఉంటాడు.

ఆఫీసులో ఆయన్ని పిల్లిగారు అంటారు. కాలుగాలిన పిల్లి అని మొహం మీద అనడం బాగోదని, కాలిన కాలు తీసేసి గారు తగిలించారు. ఆయన దానికి నొచ్చుకోడు. పైగా తనకి అన్నం పెట్టేది ఆ కాలిన కాలే అంటాడు. అందులో అబద్ధం లేదు.

ఆ ఆఫీసు ఇళ్ళకి ఇంటర్నెట్ ఇచ్చే చిన్న కంపెనీ. బ్యాటరీల దుకాణం పైన మూడు గదులు. ఒక గదిలో ఫోన్లెత్తే అమ్మాయిలుంటారు. ఒక గదిలో ఎండాకాలంలో కూడా వణుకు పుట్టించే ఏసీ, పచ్చదీపాలు మిణుకుమనే ఇనప పెట్టెలు. మూడో గది బావది. మా వీధీ, ఇలాంటి ఎన్నో వీధులూ ఆ పెట్టెల్లోంచే బయటి ప్రపంచంలోకి వెళతాయి. ఊళ్ళోనే తిరిగే మాటలతో, బొమ్మలతో పేచీ లేదు. పేచీ అంతా సముద్రం దాటేవాటితోనే, ఎందుకంటే వాటికి దారి ఒక్కటి కాదు. చవకదారి ఒకటి ఉంటుంది. అది అన్ని స్టాపుల్లోనూ ఆగే బస్సు. ఒకరి చేతిలోంచి ఒకరి చేతికి మారుతూ, చుట్టూ తిరుగుతూ, సాయంత్రం రద్దీలో కిటకిటలాడుతూ పోతుంది. ఖరీదైన దారులు వేరే ఉంటాయి. ప్రీమియం రూట్లంటారు. సముద్రం అడుగున తమ సొంత కేబులున్న కంపెనీలు, ఎక్కడా ఆపకుండా, ఎక్కువమందిని ఎక్కించుకోకుండా నడిపే దారులవి.

బావ చేతి కింద చవకది ఒకటి, ప్రీమియంవి రెండు ఉన్నాయి. వాటి అసలు పేర్లు అంకెలూ అక్షరాలూ కలిసి ఉంటాయి, పలకడానికి నోరు తిరగదు. అందుకని ఆయనే పేర్లు పెట్టుకున్నాడు. చవకది ముసలమ్మ. ప్రీమియం వాటిలో ఒకటి దొరసాని, ఒకటి చిలిపి. దొరసానిది ఎప్పుడూ ఒకటే నడక, హడావుడి పడదు. చిలిపికి సరదా పుడితే దొరసానిని దాటిపోతుంది, సరదా తీరితే ముసలమ్మ వెనక చతికిలబడుతుంది. ఎవరి మాటల్ని ఏ దారిన పంపాలో చూడటం బావ ఉద్యోగం.

ఆ ఆఫీసులో ఒక పద్ధతుంది. ఎవరైనా ఫోన్ చేసి గట్టిగా అరిస్తే ఆ నిమిషానికి ఏ దారి బాగుంటే ఆ దారి ఎక్కిస్తారు. ఆటలాడే పిల్లల తండ్రులు, పై దేశాల షేర్లు కొనేవాళ్ళు, సినిమా మధ్యలో ఆగిపోయినవాళ్ళు, అందరూ అరుస్తారు, అందరూ ఎక్కుతారు, కాసేపటికి చల్లబడతారు. బావ ఈ పనిలో ఆరితేరినవాడు. ఫోన్‌లోంచే ఎక్కిస్తాడు. అన్నం ముందు కూర్చుని కూడా ఎడంచేత్తో ఫోన్ నొక్కి, "ఎక్కించా" అంటాడు. అలా అన్నప్పుడు ఆయన మొహంలో వచ్చే తృప్తి అక్క చేసిన ఏ వంటకీ రాలేదు. అక్క ఈ మాట చాలాసార్లు అంది.

మా ఇల్లు నిలువుగా కట్టిన ఇల్లు. అంతస్తుకో గది. కింద గదిలో బావ, ఆయన ల్యాప్‌టాప్, ఆయన గీతలు; దారుల్లో ఆలస్యం పెరగడం తగ్గడం చూపించే ఆ గీతల్ని ఆయన టీవీ చూసినట్టు చూస్తాడు. మధ్య గదిలో అక్క కుట్టుమిషన్. ఊళ్ళో సగం మంది కోట్లూ ప్యాంట్లూ ఆమె దగ్గర వదులవుతాయి, సగం మందివి బిగువవుతాయి. పై గదిలో నేను. పెళ్ళెందుకు చేసుకోలేదని నన్ను అడిగినవాళ్ళకి నా తరఫున అక్క చెప్పే జవాబు ఇక్కడ రాయదగ్గది కాదు.

నేను దుభాషిని. సముద్రం అవతల ఒక ఆసుపత్రి ఉంది. మన భాష తప్ప రాని రోగులు అక్కడికి వస్తుంటారు, అక్కడి డాక్టర్లకి మన భాష రాదు. వీడియోలో వాళ్ళ మధ్య నేను కూర్చుంటాను. వెనక గోడకి బూడిదరంగు దుప్పటి, చెవులకి హెడ్‌ఫోన్లు, పక్కన మంచినీళ్ళు. ఈ పనిలో మొదటి నియమం ఏమిటంటే నేనంటూ ఒక మనిషిని అక్కడ ఉండకూడదు. రోగి "నాకు భయంగా ఉంది" అంటే నేనూ "నాకు భయంగా ఉంది" అనాలి. ఆయనకి భయంగా ఉందట అనకూడదు. ఏదీ కలపకూడదు, ఏదీ దాచకూడదు. కోపిష్టిదాన్నైన నాకు ఇది మంచి శిక్షణే. రోజంతా ఇంకొకరి కోపం నా నోటితో పడితే నా కోపానికి చోటుండదు. అది రాత్రి భోజనాల దగ్గర బయటికి వస్తుంది.

ఆ ఆసుపత్రి నన్ను ఇంకా పూర్తిగా తీసుకోలేదు. పరీక్షా కాలంలో ఉన్నాను. వాళ్ళు చూసేది రెండే సంగతులు. మాట సరిగ్గా మారుస్తున్నానా, లైను నిలబడుతోందా. మొదటిది నా చేతిలో ఉంది.

మొదట్లో ముసలమ్మ మీదే నడిచింది. నెలకోసారి ఏ సాయంత్రం రద్దీలోనో తెగేది. అలా తెగిన ఒకరోజు నేను మెట్లు దిగి వచ్చి బావ మీద విరుచుకుపడ్డాను. ఇంట్లో దారులు చూసే మనిషిని పెట్టుకుని నా గతి ఇదా అన్నాను. బావ నొచ్చుకోలేదు సరికదా, మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్ళూ మర్యాదకి అడగలేదట. ఆ సాయంత్రమే మా ఇంటిని ప్రీమియం దారి ఎక్కించాడు. అంతటితో ఊరుకోక, నా కాల్ నడుస్తున్నంతసేపూ దగ్గరుండి చూసుకుంటానని మాటిచ్చాడు. ఆయన డ్యూటీ తెల్లవారకముందే మొదలై మధ్యాహ్నానికి అయిపోతుంది. నా కాల్స్ మధ్యాహ్నం దాటాక మొదలవుతాయి. ఇంకేం కావాలి, ఇద్దరికీ సరిపోయింది.

అప్పటి నుంచి నా పని దిగజారింది. చూస్తే బొమ్మ అద్దంలా ఉంటుంది, మాట పక్క గదిలోంచి వచ్చినట్టు వస్తుంది, ఉన్నట్టుండి మొత్తం నల్లబడి పోతుంది. మళ్ళీ పేరూ సంకేతపదం కొట్టి లోపలికి వెళ్ళేసరికి అవతల డాక్టరుకి వేళ మించిపోయి ఉంటుంది. నెలకోసారి తెగేది వారానికి రెండు మూడుసార్లు తెగింది. తెగినప్పుడల్లా నేను పై నుంచి తిట్టేదాన్ని. బావ కింద నుంచి, గీత బ్రహ్మాండంగా ఉందని అరిచేవాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఆయన పాపం ఇంకా జాగ్రత్తగా చూడటం మొదలుపెట్టాడు. తిండి మానేసి చూశాడు. ఎంత జాగ్రత్తగా చూస్తే అంత ఎక్కువగా తెగింది.

క్రేనాయన కాల్ అలాంటి రోజునే పడింది.

ఆయన ఓడరేవులో క్రేను నడిపే మనిషి. ఇనప తాడు తెగి కుడిచేతి మీదకొచ్చి పడింది. వేళ్ళని ఆడించే నరాలు దెబ్బతిన్నాయి. ఒకసారి ఆపరేషన్ చేశారు. రెండోది చెయ్యాలా వద్దా అన్నది ఆరోజు మాట్లాడాలి. చేతిని దిండు మీద పెట్టుకుని, పక్కింటి పిల్లాణ్ణి చూసుకుంటున్నట్టు దాన్నే చూసుకుంటూ కూర్చున్నాడు. డాక్టరు మొదలుపెట్టాడు. "ఇది ఇప్పుడు చెయ్యకపోతే," అన్నాడు. నేనూ "ఇది ఇప్పుడు చెయ్యకపోతే" అన్నాను. అక్కడ తెరంతా నల్లబడింది.

మళ్ళీ చేరేసరికి ఆ గది ఖాళీ. నర్సు ఒక్కతే ఉంది. ఆయన చాలాసేపు నల్లటి తెర వంక చూస్తూ కూర్చున్నాడట. తర్వాత ఎడంచెయ్యి అడ్డంగా ఊపి, వద్దని సైగ చేసి లేచి వెళ్ళిపోయాడట. చెయ్యకపోతే ఏమవుతుందో ఆయన చెవిన పడలేదు. పడనిదాన్ని ఆయన ఎలా ఊహించుకున్నాడో ఎవరికీ తెలియదు, అడగడానికి ఆయన భాష అక్కడ ఎవరికీ రాదు. మాటని సగంలో వదిలేసి నేనే పారిపోయినట్టు అనిపించింది. పారిపోయింది నేను కాకపోయినా, ఆయనకి కనబడిన మొహం నాదే.

ఆసుపత్రిలో దుభాషుల పని చూసే ఆవిడ మర్నాడు నాతో మాట్లాడింది. చాలా మర్యాదగా మాట్లాడింది, అదే భయమేసింది. క్రేనాయన్ని ఎలాగో ఒప్పించి ఇంకొక్కసారి పిలిపించారు. ఇంక ఆలస్యం చేస్తే ఆపరేషన్ చేసినా లాభం ఉండదని డాక్టరు అన్నాడు. ఈసారి కూడా లైను తెగితే మాటలు మార్చే యంత్రం తెచ్చి పెడతామని, నాతో పని ఇంతటితో సరి అని చెప్పింది. నా ఉద్యోగం సంగతి సరే. ఆయన చెయ్యి సంగతి ఒక యంత్రం ఆయనకి చెబుతుందన్న ఊహే నాకు మింగుడుపడలేదు.

ఆ సాయంత్రం మధ్య గదిలో బావకీ నాకూ పెద్ద గొడవ. దొరసాని లేదు గాడిదగుడ్డూ లేదు, మళ్ళీ ముసలమ్మకి మార్చమన్నాను. బావ ల్యాప్‌టాప్ తెచ్చి, ఆ కాల్ నడిచిన వేళకి గీత ఎంత కిందికి ఉందో చూపించాడు. గీత కిందికి ఉండటం మంచిదట. తప్పు అవతలి ఆసుపత్రిదే అన్నాడు. అక్క అంతసేపూ మిషన్ తొక్కుతూనే ఉంది. హఠాత్తుగా ఆపేసింది.

అక్క బావని మీరు అంటుంది. బాగా కోపం వస్తే నువ్వు అంటుంది. ఆ రోజు అక్క కోపంగా ఏమీ లేదు, అలిసిపోయినట్టుంది.

"మీరిద్దరూ పైనొకరు, కిందొకరు ఉంటారు. నేను మధ్యలో ఉంటాను, నాకు రెండూ వినిపిస్తాయి. కింద ఈయన ఎక్కించా అంటారు. నేను సూదిలో దారం ఎక్కించేలోగా పైన ఇది తిట్లు మొదలుపెడుతుంది. ఎప్పుడు చూసినా ఇదే వరస. ముందు ఈయన, తర్వాత ఇది. ఒక్కసారి కూడా తిరగబడలేదు."

బావ నవ్వాడు. నవ్వుతూనే ఆలోచించాడు. నవ్వు పోయింది.

మా బావ మోకాళ్ళు రెండూ ఒకేసారి ఆగడం నేను మొదటిసారి చూసింది అప్పుడే.

ఒకసారి చూద్దామన్నాడు. నేను పైకి వెళ్ళి ఆసుపత్రి వాళ్ళ అభ్యాసం గదిలోకి చేరాను. దుభాషులు మైకు సరిచూసుకోవడానికి వాళ్ళు తెరిచి ఉంచే గది అది. కింద నుంచి "ఎక్కించా" అని వినిపించింది, ఆ గొంతులో తృప్తి లేదు. నా తెర నల్లబడింది. మళ్ళీ చేరాను. మళ్ళీ ఎక్కించాడు. మళ్ళీ నల్లబడింది. ఇంకొకసారి అన్నాడు. అక్క మధ్య గదిలోంచి చాలించమంది.

కిందికి వచ్చాక బావ తల వంచుకుని చెప్పాడు. దొరసాని మీద వెళితే మా ఇల్లు బయటివాళ్ళకి ఒక చిరునామాతో కనిపిస్తుందట. చిలిపి మీద వెళితే ఇంకో చిరునామాతో. సినిమాలకీ ఆటలకీ ఇది పెద్ద పట్టింపు కాదు, ఒక్క క్షణం తడబడి మళ్ళీ అందుకుంటాయి. ఆసుపత్రి తలుపు అలా కాదు. రోగుల రహస్యాలున్న చోటు కనక, ఒక చిరునామా నుంచి లోపలికొచ్చిన మనిషి మాట మధ్యలో ఇంకో చిరునామా నుంచి వస్తే దొంగ అనుకుని బయటికి గెంటేస్తుంది. దొరసాని కాస్త నెమ్మదించగానే ఈయన నన్ను చిలిపి ఎక్కించేవాడు. చిలిపి మొరాయించగానే మళ్ళీ దొరసాని. ఎప్పటికప్పుడు అన్నిటికంటే వేగమైన దారిలో నన్ను పెట్టాడు, ప్రతిసారీ నా మెడ పట్టి బయటికి తోయించాడు.

"నీకు మంచి చేస్తున్నాననుకున్నా," అన్నాడు.

నాకు తిట్టాలని ఉంది. వారాల తరబడి కూడబెట్టుకున్న తిట్లు నాలిక చివర ఉన్నాయి. ఆ మొహం చూశాక నోరు రాలేదు. క్రేనాయన ఎడంచెయ్యి అడ్డంగా ఊపాడన్న సంగతి నేను బావకి ముందే చెప్పి ఉన్నాను. ఆ సంగతే ఇప్పుడాయన కళ్ళలో తిరుగుతోందని తెలుస్తూనే ఉంది.

"తెంపేది సముద్రం కాదు. నువ్వే," అంది అక్క. అనేసి, మళ్ళీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.

ఇక కాల్ రోజుకి ఏ దారి అన్నది తేలాలి. ఏది వేగం అని అడిగాను. చిలిపి అన్నాడు. ఏది నిలకడ అంటే దొరసాని అన్నాడు. అయితే దొరసానే, ఆ తర్వాత ఏం జరిగినా ముట్టుకోవద్దన్నాను. మధ్యలో అది బరువెక్కితేనో అన్నాడు. ఎక్కనీ అన్నాను. అదే సమయానికి చిలిపి ఖాళీగా ఉంటేనో అన్నాడు. ఉండనీ అన్నాను. మాట ఆలస్యంగా వస్తుంది కదా అన్నాడు. ఆలస్యంగానైనా వస్తుంది కదా అన్నాను. ఆయన ముళ్ళ మీద కూర్చున్నట్టు కదిలాడు. పక్క వరస కదులుతుంటే చూస్తూ నిలబడమని ఈ మనిషిని నేను అడుగుతున్నాను.

ఆ రోజు వచ్చింది. మధ్యాహ్నం బావ ఇంటికి తిన్నని రోడ్డున వచ్చాడు. పక్కింటాయన ఆశ్చర్యపోయి, ఒంట్లో బాగోలేదా అని అడిగాడట. ఫోన్ తీసి అక్క చేతిలో పెట్టాడు. ల్యాప్‌టాప్ మూసి అదీ ఇచ్చాడు. ఇచ్చాక గదిలో గోడ నుంచి గోడకి తిరగడం మొదలుపెట్టాడు. నేను ఇంకా పైకి వెళ్ళకముందే, గీత ఒక్కసారి చూసి మూసేస్తానని అక్కని అడిగాడు.

"చూస్తే నా చెయ్యి ఊరుకోదని నాకు తెలుసులే," అని తనే జవాబు చెప్పుకున్నాడు.

అక్క బట్టల కుప్పలోంచి ఒక పాత నల్లకోటు లాగింది. కుట్లు విప్పే చిన్న కత్తి ఆయన చేతిలో పెట్టి, కింద అంచు మాత్రం విప్పమంది. గుడ్డ చిరగకుండా ఒక్కో కుట్టూ తెంపాలంది. ఆయన మిషన్ పక్కన నేల మీద కూర్చుని కోటు ఒళ్ళో వేసుకున్నాడు. నేను పైకి వెళ్ళి తలుపు తీసే ఉంచాను.

క్రేనాయన వచ్చాడు. చిక్కిపోయాడు. నన్ను చూసి తల ఊపలేదు. డాక్టరు కాగితం మీద చెయ్యి బొమ్మ గీసి చూపిస్తూ నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. నేను వెంట వెంట చెప్పుకొచ్చాను. దొరసాని దొరసానిలాగే నడిచింది. బొమ్మ కదులుతోంది, మాట అందుతోంది. కింద మిషన్ చప్పుడు కూడా సమంగా వినిపిస్తోంది. నా గుండె కాస్త కుదుటపడింది.

కుదుటపడీ పడకముందే తేడా వచ్చింది. డాక్టరు పెదాలు ఆడిన కాసేపటికి గానీ మాట రావడం లేదు. సముద్రంలో ఎక్కడో దొరసాని బరువెక్కింది. రోగి ఏదో అంటున్నాడు, అది అందేలోగా డాక్టరు ఇంకోటి మొదలుపెడుతున్నాడు, రెండూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఇలాంటప్పుడు మాత్రమే మేము మా నోటితో మాట్లాడొచ్చు. అప్పుడు కూడా నేను అనకూడదు. "దుభాషి మనవి చేస్తోంది, మాట ఆలస్యంగా అందుతోంది, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడండి," అని రెండు భాషల్లోనూ చెప్పాను. నా మాటల మధ్య విరామాలు ఎంత సాగాయో కింద బావకి వినిపించే ఉంటుంది. ఆయనకి గీత చూడక్కర్లేదు. చిలిపి ఇప్పుడు ఖాళీగా పరిగెడుతూ ఉంటుందని ఆయన ఒళ్ళంతా చెబుతూ ఉంటుంది. కింద మిషన్ ఆగింది. ఒక చెవి డాక్టరుకి ఇచ్చి, ఒక చెవి మెట్లకి ఇచ్చి, ఆ ఒక్కమాట ఎప్పుడు వినపడుతుందా అని బిగుసుకుపోయి కూర్చున్నాను.

వినపడలేదు. మిషన్ మళ్ళీ మొదలైంది.

డాక్టరు అసలు సంగతికి వచ్చాడు. నేను చెప్పాను. "ఇది ఇప్పుడు చెయ్యకపోతే మీ వేళ్ళు ముడుచుకుపోతాయి, ఇక తెరుచుకోవు. చేస్తే తెరుచుకుంటాయి. కానీ పూర్తి బలం రాదు. మీరు మళ్ళీ క్రేను ఎక్కలేరు. చొక్కా గుండీ పెట్టుకోగలరు, చెంచా పట్టుకోగలరు. ఎవరి చెయ్యైనా పట్టుకోగలరు."

అవతల నిశ్శబ్దం.

క్రేనాయన కదలడం లేదు. కళ్ళు కూడా ఆర్పడం లేదు. తెర బిగుసుకుపోయిందా, మనిషి బిగుసుకుపోయాడా నాకు తెలియలేదు. డాక్టరు కూడా కదలడం లేదు. కనుక్కోవడానికి మాట్లాడదామంటే, ఆయన నిజంగా ఆలోచిస్తుంటే ఆ ఆలోచన నేను చెడగొట్టినట్టవుతుంది. ఊరుకుందామంటే, మళ్ళీ సగంలో వదిలేసినట్టేమో. మెట్ల మీద అడుగుల చప్పుడైంది. బావ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చేతిలో ఫోన్ లేదు. నల్లగుడ్డ ముక్క ఒకటి ఉంది, దాన్ని పిండేస్తున్నాడు. నిశ్శబ్దాన్ని తెగిన లైననుకున్నాడని ఆ మొహం చెబుతూనే ఉంది. నేను అరచెయ్యి ఎత్తి ఆగమన్నాను. ఆగాడు. ఆ మనిషి అలా కదలకుండా నిలబడటానికి ఎంత కష్టపడుతున్నాడో మెడ నరాలు చూస్తే తెలిసింది.

అప్పుడు తెర మీద క్రేనాయన ఎడంచెయ్యి కదిలింది. వెళ్ళి కుడిచేతి మీద వాలింది.

"పోయినసారి మీరు సగంలో వెళ్ళిపోయారు," అన్నాడు క్రేనాయన. "ఆ సగం మాట పట్టుకుని ఇన్నాళ్ళూ నిద్ర లేదు. చెయ్యి తీసేస్తారేమో అనుకున్నాను. అడగడానికి మనిషి లేడు. ఇవాళ మొత్తం విన్నాను. క్రేను పోతే పోయింది. చెయ్యమనండి."

నేను దాన్ని వాళ్ళ భాషలోకి మార్చాలి. నియమం ప్రకారం నేను అనే చెప్పాలి. మీరు సగంలో వెళ్ళిపోయారు, నాకు ఇన్నాళ్ళూ నిద్ర లేదు, అడగడానికి మనిషి లేడు. సగంలో వెళ్ళిపోయినదాన్ని నేనే అయి ఉండి ఆ మాటలు నా నోటితోనే అన్నాను. గొంతు వణికింది. దుభాషి గొంతు వణకకూడదు. వణికింది, ఏం చెయ్యను. డాక్టరు మంచిదన్నాడు, రోజు ఖాయం చేశారు. తెర వాళ్ళంతట వాళ్ళే మూశారు.

తల తిప్పి చూస్తే గుమ్మంలో బావ లేడు. నా గొంతు వణకడం విని, తెగిందనే అనుకుని దిగిపోయినట్టున్నాడు. కిందికి దిగాను. నేల మీద కూర్చుని ఉన్నాడు. పైకి చూసి, "తెగిందా?" అన్నాడు.

"లేదు బావా. చేయించుకుంటానన్నాడు."

ఆయన రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అప్పుడు చూశాను ఆయన చుట్టూ. అక్క విప్పమన్నది కింద అంచు. ఆయన అంచు విప్పాడు, లైనింగ్ విప్పాడు, జేబులు విప్పాడు, చేతులు విప్పాడు, కాలర్ కూడా వదల్లేదు. కోటన్నది ఎక్కడా లేదు. నల్లగుడ్డ ముక్కలు ఆయన చుట్టూ పరిచి ఉన్నాయి, ఒక్కటి కూడా చిరగలేదు. గుండీలన్నీ వరసగా ఒక పక్కన పేర్చి ఉన్నాయి.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇచ్చినవాళ్ళకి ఏం చెబుతావక్కా అన్నాను.

"ఈయన సంగతి నాకు తెలియదా? ఊళ్ళోవాళ్ళ కోటు ఈ చేతిలో పెడతానా? ఈయనదే ఇచ్చాను," అంది అక్క, ముక్కలు ఏరుకుంటూ.

ఆసుపత్రి నన్ను ఉంచుకుంది. మర్నాడు నా మొదటి కాల్ వేళకి బావ పిలవకుండానే వచ్చి, ఫోన్ అక్క మిషన్ మీద పెట్టి, నేల మీద కూర్చుని, ఏదైనా ఇమ్మని చేతులు చాపాడు.